చప్పుడు లేని బండి

ఎడపల్లి ముత్తన్నకు రెండు విషయాల్లో పేరుండేది. ఒకటి, ఆయన చెరుకు బండి ఎప్పుడూ కిర్రుమనేది కాదు. రెండోది, తన వస్తువు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. మొదటిదానికి జనం మెచ్చుకున్నారు, రెండోదానికి నవ్వుకున్నారు.

చెరుకు కోతల కాలంలో బోధన్ ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస రోడ్డు పొడుగునా ఉండేది. ఎడ్లు నెమరు వేస్తుంటే బండివాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్లు. వరుస కదిలినప్పుడల్లా ఇరుసులన్నీ ఒక్కసారిగా ఏడుపు లంకించుకునేవి. ఆ గోలలో ముత్తన్న బండి మాత్రం పిల్లి నడిచినట్టు కదిలేది. కందెన ఆయనే చేసుకునేవాడు. వరిగడ్డి కాల్చిన మసిని, భార్య గంగమణి ఇంట్లో వండిన ఆముదంలో కలిపి, మెత్తగా మెదిపి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. బండి కట్టే ముందు ప్రతిసారీ చక్రం కాస్త బయటికి లాగి ఇరుసుకు పూసేవాడు. పక్కన కిర్రుమనే బండి ఆగిందంటే చాలు, "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని దాని యజమానిని ఉడికించేవాడు. ఉడుక్కున్నవాడు సిగ్గు విడిచి కందెన అడిగితే లేదనేవాడు కాదు. కానీ గొట్టం వాడి చేతికిచ్చేవాడూ కాదు. తానే దిగి, వాడి ఇరుసుకు తన చేత్తోనే పూసేవాడు.

కాలువ నీళ్లు వరసగా కొన్నేళ్లు బాగా వచ్చాయి, చెరుకు పండింది. అరవయ్యో దశకం నడుమ ముత్తన్న నిజామాబాదు పసుపు వ్యాపారి రామ్‌దాస్ దగ్గర ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాడు. ముత్తన్నకు షోకు ముదిరిందని ఊరు అనుకుంది. ఊరికేం, ఏదో ఒకటి అనుకోకపోతే పొద్దుపోదు. అసలు సంగతి గంగమణి మోకాలు. అంతకు రెండేళ్ల ముందు కోతల్లో ఆమె చెరుకు బండి మీంచి జారిపడింది. ఆ మోకాలు సరిగ్గా కుదురుకోలేదు. బస్సు మెట్టు ఎక్కలేదు, ఎడ్లబండి కుదుపుకు ఓర్చలేదు.

వేల్పూరులో ఆమె అక్క లింగవ్వ ఉంది. ఏటా అక్కడ పసుపు ఉడకబెట్టే రోజులకు గంగమణి వెళ్లడం ఆనవాయితీ. కడాయి కింద మంట ఎగదోస్తూ, ఉడికిన కొమ్ములు ఆరబోస్తూ అక్కాచెల్లెళ్లు ఏడాదికి సరిపడా మాట్లాడుకునేవాళ్లు. మోకాలు పోయాక ఆ మాటలు ఆగిపోయాయి. రెండో ఏడు లింగవ్వ పంపిన పసుపు మూట ముడి విప్పి గంగమణి ఏడ్చింది. ముత్తన్న ఓదార్చలేదు. అది ఆయనకు చేతకాదు. కారు కొన్నాడు.

తాళం చేతిలో పెడుతూ రామ్‌దాస్ ఒక సలహా ఇచ్చాడు.

"స్టేషన్ కాడ కంపెనీ గ్యారేజీ ఉన్నది. మూడు నెలలకోపారి ఆడ ఇడువు. ఆయిలు, గ్రీసు, బ్రేకులు అన్నీ వాళ్లే సూస్తరు. నువ్వు బల్ల మీద కూసోని చాయ్ తాగుడే."

"నా ఎడ్లను నేనే కడుక్కుంట సావుకారీ," అన్నాడు ముత్తన్న. "గిదాన్నెందుకు ఇంకొకనికి అప్పజెప్పాలె?"

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. ఫ్యాక్టరీకి వచ్చే లారీ డ్రైవర్ల వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. కాలువ నీళ్లలో మట్టి ఉంటుందని పాత ధోతి గుడ్డలో వడకట్టి రేడియేటర్‌లో పోసేవాడు. ఇంజనులోంచి దింపిన నల్లటి ఆయిలును పారబొయ్యకుండా కొట్టం వాసాలకు చెదలు పట్టకుండా పూసేవాడు. ప్లగ్గులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసుకుని కారును చూస్తూ నిలబడేవాడు. "ఎడ్లకన్న దీనికే ఎక్కువ మేపుతున్నవ్," అని గంగమణి ఎగతాళి చేసేది. ఆ పనుల్లో ఆయన తప్పేమీ చెయ్యలేదని చెప్పాలి. కారు బాగా నడిచింది. రెండేళ్లు పసుపు రోజులకు గంగమణి వేల్పూరు వెళ్లివచ్చింది.

మూడో ఏడు కోతలు మొదలయ్యాక ముందు చక్రాలు అరవడం మొదలుపెట్టాయి. బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమనేవి. ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస పక్కన కారు ఆపినప్పుడు ఆ కూత అందరూ విన్నారు. వరుసలో సిద్దిరాములు ఉన్నాడు. ముత్తన్న చేత ఏళ్ల తరబడి మాటలు పడినవాడు. బండి మీంచి దిగకుండానే, "ముత్తన్నా, కందెన వేయని బండికి కావలసినంత సంగీతం," అన్నాడు. వరుస వరుసంతా నవ్వింది.

ముత్తన్నకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి నీళ్లు కూడా తాగకుండా ముందు చక్రాలు విప్పాడు. లోపల ఒక ఇనుప డ్రమ్ము, దానికి రాసుకుంటూ పట్టీలు. ఇరుసుతో పెరిగిన మనిషికి అక్కడ ఇంకేం కనబడుతుంది? రాసుకుంటోంది, కాబట్టి అరుస్తోంది, కాబట్టి అరిగిపోతుంది. ఆయన తండ్రి నేర్పింది, ఆయన చెయ్యి నేర్చింది ఒక్కటే మందు. గొట్టం తెచ్చి, కోడి ఈకతో, సందు సందులోకీ కందెన పట్టించాడు. చాలదేమోనని గంగమణి కుండలోని ఆముదం తెచ్చి మళ్లీ కలిపి ఇంకొంత పెట్టాడు. వెనక చక్రాలు అరవలేదు గనుక వాటి జోలికి పోలేదు. ఆ తర్వాత జరిగినదాంట్లో ప్రాణాలు మిగిలింది ఆ పుణ్యం వల్లనే.

వాకిట్లో కారు ముందుకూ వెనక్కూ నడిపి చూశాడు. చప్పుడు లేదు. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు పొద్దున వేల్పూరు ప్రయాణం. గంగమణి అక్క కోసం కొత్త బెల్లం ముద్ద ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఊరు దాటాక రోడ్డు రైలు గేటు వైపు వాలుగా దిగుతుంది. గేటు వేసి ఉంది. దాని ముందు చెరుకు బండ్లు ఆగి ఉన్నాయి. ముత్తన్న బ్రేకు తొక్కాడు. కారు కొంచెం తగ్గినట్టే తగ్గి, మాట వినని దున్నపోతులా ముందుకే పోయింది. ఇంకా గట్టిగా తొక్కాడు. చప్పుడు లేకుండా జారుతోంది. ఎదురుగా చివరి బండి వెనక కట్టేసిన ఎద్దు తల తిప్పి చూసింది. ముత్తన్న స్టీరింగు పక్కకు తిప్పేశాడు. కారు రోడ్డు దిగి చెరుకు తోటలో దూరి, గడలు పటపటా విరుచుకుంటూ పోయి ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. గంగమణి దెబ్బ మోకాలే మళ్లీ ముందు రేకుకు తగిలింది. బెల్లం ముద్ద చితికింది. బండ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"ఏమైంది ముత్తన్నా?"

"గేటోడు ముందుగాల ఎయ్యకుంట గప్పుడే ఏసిండు," అన్నాడు ముత్తన్న. "గీ వాలు సుత ఎక్కువున్నది."

గంగమణి ఆ మాట విని ఆయన మొహం వైపు చూసింది. తర్వాత కారు దిగింది. ఎవరో బండి ఎక్కమంటే ఎక్కలేదు. కుంటుకుంటూ ఇంటికి నడిచింది. ముత్తన్న ఆమె వెనకాలే నడిచాడు.

కారును ఎడ్లతో ఇంటికి లాగించాక ముత్తన్న చక్రం విప్పాడు. గుప్పుమని ఆముదం వాసన వేసింది. పట్టీలు వేలితో తాకితే జారుతున్నాయి. ఆయనకు అర్థమైంది. అర్థమైనదాన్ని నోరు దాటనివ్వలేదు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, చక్రాలు బిగించాడు.

"బ్రేకు మంచిగైంది. పొద్దుగాల పోదాం," అన్నాడు భార్యతో.

"నేను కూసోను."

"మంచిగైందంటున్న గద."

"కంపెనీల సూపియ్యి. గప్పుడు సూద్దాం."

వేల్పూరు నుంచి వచ్చిన పసుపు బండివాడు లింగవ్వ మాట మోసుకొచ్చాడు. కడాయి పొయ్యి మీదికెక్కిందట, చెల్లె ఎప్పుడొస్తుందని అడిగిందట. గంగమణి వాడికి మజ్జిగ ఇచ్చి, "సూడాలె" అని మాత్రం అంది. ఆ మాట ముత్తన్నకు గుచ్చుకుంది. తన కారును పరాయి చేతిలో పెట్టడమంటే ఆయనకు ఎడ్లను అంగట్లో నిలబెట్టినట్టే. అయినా మర్నాడు మెల్లగా నడుపుకుంటూ నిజామాబాదు పోయాడు.

కంపెనీ గ్యారేజీలో బండి తెచ్చినవాళ్లు లోపలికి పోకూడదని బోర్డు ఉంది. ముత్తన్నను ముందు గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు. చాయ్ వచ్చింది. రామ్‌దాస్ చెప్పినట్టే ఉంది అంతా. ముత్తన్న మాత్రం బల్ల మీద కుదురుగా కూర్చోలేక లేచి గుమ్మం దాకా పోవడం, బోర్డు చూసి వెనక్కి రావడం, ఇదే పని. కాసేపటికి మిస్త్రీ అయ్యూబ్ ఒక బ్రేకు పట్టీ పట్టుకుని బయటికొచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గిది గ్రీసు కాదన్నా. ఆముదం. మా అమ్మి నా నెత్తికి పెట్టేది గిదే. ఎవరు పెట్టిన్రు?"

"తెల్వది," అన్నాడు ముత్తన్న.

అయ్యూబ్ ఆయన గోళ్ల వైపు చూశాడు. గోళ్ల సందుల్లో ఇంకా మసి ఉంది. అయ్యూబ్ మర్యాదస్తుడు, చూపు తిప్పుకున్నాడు.

"చక్రం తిరిగే కాడ గ్రీసు పెట్టాలె. చక్రాన్ని పట్టే కాడ ఒక్క చుక్క పడొద్దు. పట్టేటిదే జారితే ఇంకేం ఆగుతది? కడిగినా పోదు, లోపలికి ఇంకింది. కొత్త పట్టీలు ఏస్తున్న. మన రోడ్ల దుమ్ముకు మళ్ల జర అరుస్తది. అరవనియ్యి అన్నా, దాని తోటి నష్టం లేదు."

"నేను సూడొచ్చునా, ఎట్లేస్తరో?"

"లోపలికి రానిచ్చే ఖానూన్ లేదు అన్నా," అన్నాడు అయ్యూబ్, నొచ్చుకుంటూనే.

ముత్తన్న ఊరికి వచ్చి, కారు దిగగానే పానా తీసుకుని అన్ని చక్రాల నట్లూ తానే బిగించి చూశాడు. ఒక్కటైనా వదులుగా దొరికితే బాగుండేదనిపించింది. దొరకలేదు.

గంగమణి గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"సూపిచ్చినవా?"

"సూపిచ్చిన. కొత్త పట్టీలు ఏసిన్రు. ఇగ పోదాం."

"పాతయి ఎందుకు సెడినయట?"

ముత్తన్న చేతిలోని పానా నేల మీద పెట్టాడు. "గా గేటు కాడ..." అని మొదలుపెట్టాడు.

గంగమణి లేచి లోపలికి వెళ్లింది. ఆముదం కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కుండ సగానికి పైగా ఖాళీ.

"నిండుగ ఒండి పెట్టిన. గీ మధ్య ఎడ్లబండి సుత ఎక్కువ కట్టలె. గింత ఆముదం ఏడికి వాయె?"

ముత్తన్న కుండలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసని ఆయనకు అప్పుడు తెలిసింది. కంపెనీ మీద నమ్మకంతో పంపలేదు ఆమె. అక్కడ విన్నదైనా ఇంటికొచ్చి చెబుతాడేమోనని పంపింది.

"నేనే పెట్టిన," అన్నాడు చివరికి. "సిద్దిరాములు అందర్ల నవ్విండు. చప్పుడు బందైతదని బ్రేకుకు కందెన పెట్టిన. తప్పు గేటుది గాదు. నాది."

గంగమణి కుండ మీద మూత పెట్టింది.

"గీ మాట గేటు కాడనే అనుంటే, నేను కుంటుకుంట నడిసొద్దునా?"

ముత్తన్న ఆమె కాలి వైపు చూశాడు. చెరుకు తోటలోకి కారు దూరినప్పుడు కూడా ఆయన గుండె అంత కలుక్కుమనలేదు.

"మోకాలు నొస్తున్నదా?" అని అడిగాడు. అడగడానికి అన్ని రోజులు పట్టింది.

"నొస్తున్నది," అంది గంగమణి. "పొద్దుగాల జల్ది తయ్యారు గావాలె. అక్క ఎదురుసూస్తది."

మర్నాడు అదే వాలు, అదే గేటు, గేటు ముందు బండ్లు. గంగమణి రెండు చేతులతో సీటు అంచు పట్టుకుంది. ముత్తన్న బ్రేకు తొక్కాడు. కారు కీచుమని పెద్దగా అరిచి, బండ్లకు ఇంకా ఎంతో దూరం ఉండగానే ఆగింది. వరుసలోంచి సిద్దిరాములు తల తిప్పాడు. ఆయన నోరు తెరిచే లోపే ముత్తన్న కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అరవనీ సిద్దిరాములూ. అరిస్తెనే ఆగుతున్నది."

గంగమణి సీటు మీంచి ఒక చెయ్యి తీసి, ఒళ్లో మళ్లీ కట్టుకొచ్చిన బెల్లం ముద్ద సర్దుకుంది.

ఆ తర్వాత ఆ కారు డెబ్బయ్యో దశకం చివరి దాకా ముత్తన్న ఇంట్లోనే ఉంది. ఆయిలూ, నీళ్లూ, ప్లగ్గులూ ఆయనవే. బ్రేకులు మాత్రం అయ్యూబ్‌వి. కొన్నేళ్లు పోయాక అయ్యూబ్ బోర్డును మీరకుండా, గుమ్మంలో ఒక డబ్బా బోర్లించి ఆయనకు పీట వేశాడు. అక్కడ కూర్చుంటే లోపలికి వచ్చినట్టూ కాదు, పని కనబడకుండానూ పోదు. ముత్తన్నకు అది బాగా కుదిరింది.

కారు మాత్రం చివరిదాకా అరుస్తూనే ఉంది. చప్పుడు లేని బండికి పేరుపడ్డ మనిషిని జనం ఇప్పుడు చప్పుడును బట్టి గుర్తుపట్టేవాళ్లు. ఒకప్పుడైతే ఆయన దానికి చచ్చేంత సిగ్గుపడి ఉండేవాడు. కానీ ఏటా పసుపు రోజుల్లో వేల్పూరు వీధి మలుపులో ఆ కూత వినబడగానే, పొగలో కళ్లు తుడుచుకుంటూ లింగవ్వ లేచి కడాయి పక్కన ఇంకో పీట వేసేది.