గన్నేరు ముందున్న ‘బిళ్ల’

కరోనా రెండో అల సద్దుమణిగిన మరుసటి వేసవి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ కార్మికులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రిలో, క్యాజువాలిటీ అనే అత్యవసర విభాగంలో నేను స్టాఫ్ నర్సును. ఓ ఉదయం కర్దనూర్ నుంచి నర్సింలును ఆటోలో తెచ్చారు. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషి, షుగర్ ఉంది. ఒకటే వాంతులు. పల్స్ నలభై కూడా లేదు. ఇ.సి.జి.లో గుండె లయ తప్పుతోంది. గుండె జబ్బేనేమో అన్నారు డ్యూటీ డాక్టర్.

ఆయన భార్య బాలమణి మాత్రం నా కళ్లలోకి చూడటం లేదు.

“ఇంకేమన్న తిన్నడా అమ్మా? చెట్ల మందు గిట్ల?”

“ఏం లేదు సిస్టరమ్మా.”

నేను వదల్లేదు. మూడోసారి చెయ్యి పట్టుకుని అడిగాను. “సారు తిట్టడు, నేనుంట గద. చెప్పు.”

“షుగర్ తగ్గుతదని గన్నేరాకు నూరి, బిళ్లలు చేసుకొని మింగిండు. పక్కింటి సత్యనారాయణ సారే చెప్పిండు.”

షుగర్‌కని బిళ్ల గన్నేరు ఆకు తినేవాళ్లను చాలామందిని చూశాను. పల్స్ ఇలా పడిపోవడం ఎన్నడూ చూడలేదు.

“ఏ గన్నేరు?”

“రోడ్డు నడుమ పూస్తది గద, గదే. గింజలే విషమంటరు, ఆకుతోటి ఏమైతది అనుకున్నం.”

వెంటనే డాక్టర్‌కు చెప్పాను. వాళ్లింట్లో మిగిలిన ఆకులు తెమ్మని సత్యనారాయణ గారికి ఫోన్ చేయించాను. ఆయన తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఉద్యోగి. ఆయన వచ్చి సంచిలోంచి తీసిన ఆకులు సన్నగా, బారుగా, దళసరిగా ఉన్నాయి. సందేహం లేదు, అసలు గన్నేరే. దాని విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. డాక్టర్ పల్స్ పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్ ఇచ్చి, హైదరాబాద్ పెద్దాసుపత్రికి పంపమన్నారు.

సత్యనారాయణ గారు బెంచీ మీద కూలబడ్డారు. “నేను చెప్పింది బిళ్ల గన్నేరమ్మా! పువ్వు బిళ్లలా గుండ్రంగా ఉంటుందని మావాళ్లు ఆ పేరు పెట్టారు. బిళ్లలు చేసుకోమన్నానని అనుకున్నాడా?”

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

అంబులెన్స్‌లో నేనే వెళ్లాను. దారిపొడవునా మానిటర్ మీదనుంచి కన్ను తీయలేదు. అక్కడ ఐదు రోజులుంచి ఇంటికి పంపారు.

రెండు వారాలకు నర్సింలు నవ్వుతూ మా దగ్గరకు వచ్చాడు. “సిస్టర్, ఇంతకు గా బిళ్ల గన్నేరేందో జెర చూపియ్యుండ్రి.”

“చూపిస్త గానీ, తిననీకి గాదు. దాంట్లకెల్లి క్యాన్సర్ మందులు తీస్తరు. అది గూడ ఉత్తగ నమిలేది గాదు.”

ఆ రోజు నుంచి ఎవరైనా ఆకు పసరు తాగామని వస్తే, పేరు వినగానే కేస్ షీట్‌లో రాసెయ్యను. ఎంత తొందరలో ఉన్నా సరే, ఇంటికి మనిషిని పంపి ఒక కొమ్మ తెప్పిస్తాను.