పల్లేరు గట్టు మీద రాజమణి

పురానాపూల్ దిగి సందులోకి తిరగగానే కనపడే సైకిల్ దుకాణం ఇప్పుడు మూసే ఉంటుంది. రేకు తలుపు మీద సున్నంతో రాసిన ‘పంచర్’ అన్న మాట మాత్రం చెరిగిపోలేదు. ఆ తలుపు వెనకే రాజమణి ఇల్లు. ముప్పై ఏళ్లు ఆ దుకాణం నడిపిన ఆమె భర్త అంజన్న పోయి మూడు నెలలయింది.

రాజమణి చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. కానీ ట్యూబులో బొక్క ఎక్కడుందో కనిపెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అంజన్న గాలి కొట్టి ఇస్తే ఆమె నీళ్ల తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ, బుడగ లేచిన చోట బొటనవేలు అదిమి పట్టుకునేది. ఒకపక్క పొయ్యి మీద అన్నం, ఒకపక్క తొట్టి. పెళ్లయిన కొత్తలో మొదలైన పని చివరిదాకా అట్లాగే నడిచింది.

అంజన్నకు ఉన్నది ఒకటే పిచ్చి. ఆదివారం వస్తే సైకిలెక్కి ఊరి బయటికి పోవాలి. గేర్లు లేని పాత సైకిలు, పైగా మోకాలు నొప్పి. అందుకని ఎత్తు ఎక్కే పని లేని దారులు వెతికాడు. నయాపూల్, మలక్‌పేట, నాగోలు దాటి మూసీ వెంబడే పోతే ప్రతాపసింగారం, ఏదులాబాదు దాకా నేల అరచేయిలా ఉంటుంది. రెండు పక్కలా వరి మళ్లు, గడ్డి మళ్లు, కాలువలు. లారీలు తిరగని బాట ఏది, కుక్కలు వెంటపడని ఊరు ఏది, బోరింగులో నీళ్లు ఎక్కడ వస్తాయి, అంతా ఒక పొడుగు నోటుబుక్కులో గీతలు గీసి పెట్టుకున్నాడు. ఆ బాటలు దొరకడానికి ఆయనకు పన్నెండేళ్లు పట్టింది.

వాళ్లకు పిల్లలు లేరు. అందుకే ఆదివారాలు రాజమణిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు. ముందర ఆయన వీపే కాబట్టి ఆ దారి ఆమెకు ఎదురుగా ఎన్నడూ కనపడలేదు, పక్కలే కనపడేవి. ఆ పక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

నయాపూల్ దగ్గర హోల్‌సేల్ దుకాణం ఉన్న వైకుంఠం సేటు కొడుకు నిఖిలేష్ నాలుగేళ్ల కింద ఖరీదైన సైకిలు కొన్నాడు. దాని పని అంజన్న చేతికి తప్ప ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. అట్లా పరిచయమై ఆదివారాలు అంజన్న వెంట తిరిగాడు. చలికాలం మాత్రం పెళ్లిళ్ల గిరాకీ అని దుకాణం విడిచి వచ్చేవాడు కాదు. ఒకరోజు ఆ నోటుబుక్కు ఫొటోలు తీసుకుంటానంటే అంజన్న మురిసిపోయి ఇచ్చాడు.

ఈ వానల్లో అంజన్న మంచం పట్టాడు. నిఖిలేష్‌కు బాటల సంగతి ఒకటి చెప్పాలి, ఒక్కసారి రమ్మనమని వెనకింటి డానియేలుతో రెండుసార్లు కబురు పంపాడు. డానియేలు ఆటో నడుపుతాడు, రోజూ సేటు దుకాణం ముందు నుంచే పోతాడు. నిఖిలేష్ వస్తానన్నాడు. రాలేదు. అంజన్న తలుపు వైపు తల తిప్పి పడుకునేవాడు. పోయిననాడు కూడా తల అటే ఉంది. అది రాజమణి చూసింది, మనసులో పెట్టుకుంది.

డిసెంబరులో డానియేలు తన ఫోను తెచ్చి చూపించాడు. అందులో మ్యాపు మీద అంజన్న గీసిన దారే, ఎర్ర గీతగా ఉంది. మీద ‘నిఖిల్ రూట్’ అని పేరు. వచ్చే ఆదివారం కొత్తవాళ్లను తీసుకుపోతున్నాడట. రాజమణి గీత వెంబడి వేలు పెట్టి పోయింది. ఏదులాబాదు ఇవతల అంజన్న గీత గరిటెలా వంగి ఊరు చుట్టి వస్తుంది. నిఖిలేష్ ఆ వంపు తీసేసి, కాలువ గట్టు మీదుగా నేరుగా గీసుకున్నాడు.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. వానాకాలం ఆ గట్టు పచ్చగా మెత్తగా ఉంటుంది. కోతలయ్యాక అదే గట్టు నిండా పల్లేరు కాయలు ఎండి, ముళ్లు తేలి రాలి ఉంటాయి. అంజన్న చలికాలంలో దాని మీద కాలు పెట్టేవాడు కాదు, చుట్టు తిరిగే పోయేవాడు. చలికాలం ఎన్నడూ రానివాడికి ఆ సంగతి తెలియదు. అంజన్న పిలిపించింది ఈ మాట చెప్పడానికేనని ఆమెకు అప్పుడు అర్థమయింది.

శుక్రవారం నిఖిలేష్ తనంతట తానే వచ్చాడు. నోటుబుక్కులో చివరి పేజీలు ఫొటో తీసుకోలేదు, ఒకసారి ఇస్తారా అని అడిగాడు. రాజమణి లేవలేదు. ఆ బాటకు అంజన్న పేరు పెడతావా అని మాత్రం అడిగింది.

అతను నవ్వాడు. “రూట్ అంటే రోడ్డే గదా ఆంటీ. రోడ్డు గవర్నమెంటుది. అన్న కొన్నడా ఏంది?”

పోతూ పోతూ గడపలో ఆగి, ఆ దారి గురించి ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాడు. గట్టు మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు వైపు తిరిగి ఉన్న ఆ తల గుర్తొచ్చింది.

“ఏం లేదు సేటూ,” అంది. “మంచిగ పోయిరా.”

ఆదివారం పొద్దున్నే ఆమె దుకాణం తలుపు తీసింది. మూడు నెలల్లో అదే మొదటిసారి. తొట్టి, పంపు, సొల్యూషన్ ట్యూబులు, ప్యాచీలు, గీకే రాయి, దూది అన్నీ డానియేలు ఆటోలో పెట్టింది. నీళ్లకు రెండు క్యాన్లు. ఎక్కడికని అతను అడగలేదు. దారిలో మాత్రం, “వదినా, నీ మొఖం జూస్తే నాకే భయమైతుంది,” అన్నాడు.

గట్టు చివర తుమ్మ చెట్టు కింద తొట్టి పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిదిన్నరకు వాళ్లు కనపడ్డారు. తొమ్మిది మంది. ఒక్కరూ సైకిలు ఎక్కి లేరు, అందరూ నెట్టుకుంటూ వస్తున్నారు. గట్టు మధ్యలోనే చక్రాలన్నీ గాలి పోయి కూర్చున్నాయట. వెంట తెచ్చుకున్న కొత్త ట్యూబులు మార్చారట, నాలుగడుగులకు అవీ పోయాయట. టైరు లోపల ముల్లు మిగిలిందేమో చూడాలని ఎవరికీ తోచలేదు. అంజన్న అయితే దూది ఉండ టైరు లోపల చుట్టూ తిప్పేవాడు, ముల్లున్న చోట దూది పట్టుకునేది.

“రాండ్రి రాండ్రి,” అన్నాడు డానియేలు. “గిసొంటి సైకిళ్లు నెట్టుకుంట వస్తే మంచిగుండదు.”

రాజమణి ఎవరినీ పైసలు అడగలేదు. ఒకటే షరతు పెట్టింది. చక్రం చేతికి తీసుకుని, ఇది ఎవరి బాట అని అడిగేది. వాళ్లు తెల్లబోతే తానే చెప్పేది, అంజన్న బాట అని. ఆ మాట అన్నాకే ట్యూబు నీళ్లలో ముంచేది. అన్నారు, ఒకరి తర్వాత ఒకరు. ఒక డాక్టరమ్మ ఆ అన్న ఎవరని అడిగి, ఉన్నన్ని సంగతులు చెప్పించుకుంది. పన్నెండేళ్లు, మోకాలు, నోటుబుక్కు, అన్నీ చెప్పింది రాజమణి. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. నిఖిలేష్ కొంచెం దూరంలో ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు, కానీ ఫోనులో ఏమీ చూడటం లేదు.

ఎండ ముదిరింది. పని అయినవాళ్లు అయినట్టే చాయ్ తాగుతూ ఉంటామని ఏదులాబాదు పోయారు. డాక్టరమ్మ పోతూ, ఇదంతా నువ్వు కనిపెట్టిన దారన్నావు కదా అని నిఖిలేష్‌ను అడిగి, జవాబు కోసం ఆగకుండా సైకిలెక్కింది.

చివరికి నిఖిలేష్ ఒక్కడే మిగిలాడు. సైకిలు తెచ్చి ముందర పెట్టాడు.

“మీకు ముందే తెలుసు గదా ఆంటీ.”

“తెలుసు.”

“చెప్పచ్చు గదా.”

“రోడ్డు గవర్నమెంటుది గదా సేటూ. గవర్నమెంటును పిలువు, పంచరేస్తది.”

అతని ముఖం ఎర్రబడింది. గట్టు వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. ఆటో ఎట్లాగో దూరింది గానీ కారు వచ్చే దారి కాదది. ఊరు నాలుగు కిలోమీటర్లు. నేల చూస్తూ అందరూ అన్న మాటే గొణిగాడు.

“నాకినవడలే,” అంది రాజమణి. “మా ఆయనకినవడాలె.”

“అంజన్న బాట,” అన్నాడు అతను గట్టిగా. గడ్డి మడిలో ఉన్న కొంగలు లేచాయి.

ఆమె ముందు చక్రం విప్పింది. టైరు లోపల దూది తిప్పి ఐదు ముళ్లు తీసింది. ట్యూబును ముంచి, బుడగలు చూసి, గీకి, అతికించి, గాలి కొట్టించి బిగించింది. అంజన్న చేసినంత శుభ్రంగా చేసింది. తర్వాత సామాను డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది.

“వెనకది?” అన్నాడు నిఖిలేష్.

“ముందుది నువ్వు పేరు చెప్పినందుకు. వెనకది నువ్వు రానందుకు. రెండుసార్లు పిలిచిండు. నువ్వు వస్తే ఈ గట్టు సంగతే చెప్పేటోడు.”

డానియేలు క్యాన్లు ఎత్తుకుని ఆటో వైపు పోయాడు.

నిఖిలేష్ సైకిలు నెట్టుకుంటూ బయలుదేరాడు. గాలి లేని వెనక చక్రం నేలకు టపటప కొట్టుకుంటున్న చప్పుడు అతను మలుపు తిరిగేదాకా వినపడింది. అంతదాకా కూర్చునే విని, అప్పుడు లేచి రాజమణి తొట్టిలో నీళ్లు గట్టు మీద పారబోసింది.