ట్రయల్స్ మాఫీ

నేను మా యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడాను. అంటే జట్టుతోపాటు బస్సెక్కాను, జట్టుతోపాటు భోంచేశాను, జట్టు ఓడినప్పుడు జట్టుతోపాటు మొహం వేలాడేశాను. కోర్టులోకి మాత్రం ఎవరికైనా తువ్వాలు అందించాల్సి వచ్చినప్పుడే వెళ్ళేవాణ్ణి. బెంచీ మీద కూర్చోవడంలో ఒక లాభముంది. ఆడేవాళ్ళకు బంతి కనిపిస్తుంది, మనకు ఆట కనిపిస్తుంది.

ఈ అర్హతతోనే దోహాలో కోచ్‌నయ్యాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముషైరిబ్‌లో ఒక ఆఫీసులో బిల్డింగ్ డ్రాయింగులకు నంబర్లు వేసి భద్రపరిచే ఉద్యోగం నాది. ఇక్కడ సెలవురోజైన శుక్రవారం పొద్దున చర్చి అయ్యాక, అబూ హమూర్‌లో మా అమ్మాయి చదివిన స్కూలుకు వెళ్ళి పిల్లలు ఆడుతుంటే నీడలో నిలబడి చూసేవాణ్ణి. ఆరడుగుల రెండంగుళాల మనిషి కోర్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడితే జనం ఏదో తెలిసినవాడనుకుంటారు. కాదని చెప్పే అవకాశం నాకెవరూ ఇవ్వలేదు.

కొన్నాళ్ళకు పని పెరిగింది. పన్నెండో తరగతి పిల్లల్లో ఎవరికి కాలేజీ జట్టులో చోటు దొరుకుతుందో అంచనా వెయ్యడం, చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్న కాలేజీ కోచ్‌లకు వాళ్ళ గురించి రాసి పంపడం నా వంతుకొచ్చింది. నా మాట వాళ్ళెందుకు వింటారంటే, పదిమందిలో ఎనిమిది మంది గురించి నేను "ఈ పిల్లవాడు బాగా చదువుకుంటాడు" అని మాత్రమే రాస్తాను.

తల్లిదండ్రులకు మొదట గుర్తొచ్చేది పొడుగు. గోదావరి జిల్లాకు చెందిన ఒక తల్లి తన కొడుకు ఇంకా పెరుగుతాడని, వాళ్ళ మేనమామకు ఇప్పటికీ గుమ్మాలు తగులుతాయని నాకు హామీ ఇచ్చింది. కాలేజీవాళ్ళు మేనమామను తీసుకోరని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఆ తర్వాత వీడియోలు వస్తాయి. వెనక సినిమా పాట, ముందు బుట్టలో పడుతున్న బంతులు. ఒక్కటీ పక్కకు పోదు. ఆ వీడియోల ప్రకారం దోహా తెలుగు పిల్లల్లో ఇంతవరకు ఎవరూ గురి తప్పలేదు.

నేను చూసేది వేరు. గురి తప్పాక పిల్లలు ఎటు చూస్తారు? కొందరు రిఫరీని చూస్తారు. కొందరు అమ్మను చూస్తారు. కొందరు తమ చేతిని తామే చూసుకుంటారు, అది నిన్ననే కొన్నట్టు. ఎప్పుడో ఒకరు మాత్రం దేన్నీ చూడకుండా వెనక్కి పరుగెత్తుతారు, బంతి ఇప్పుడు అవతలివాళ్ళ దగ్గరుంది కనుక.

అలా పరుగెత్తే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న నిజామాబాద్ వైపు పల్లె నుంచి సైటులో హెల్పర్‌గా వచ్చి, క్రేన్ నడపడం నేర్చుకుని, ఆపరేటరై, భార్యనూ కూతురినీ తెచ్చుకున్న మనిషి. శుక్రవారాలు ఆయన కూడా వచ్చి కోర్టు అంచున అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, మా పిల్ల ఎట్లాడుతది? నిజం చెప్పుండ్రి. నేను దినమంత పైన కూసుండేటోణ్ణి. పైకెల్లి చూస్తే అందరు ఒక్కతీర్గనే కనిపిస్తరు."

ఆడుతుందని చెప్పాను. నా నోట ఆ మాట అరుదుగా వస్తుందని ఆయనకు తెలియదు. ఇంకేమైనా చెప్తానేమోనని కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి తక్కువ మాట్లాడేది. స్కూలు అయిపోతే ఆమెకు కోర్టు కూడా అయిపోతుంది. మగపిల్లలు పార్కుల్లోనో క్యాంపుల్లోనో ఎక్కడో ఒకచోట ఆడుకుంటారు. క్రేన్ ఆపరేటర్ కూతురికి ఇక్కడ జట్టెక్కడ దొరుకుతుంది? కాలేజీ జట్టులో చోటు రావాలి, లేదా ఆట అక్కడితో ఆగిపోవాలి. ఆ సంగతి నాతో ఒక్కసారే ఎత్తింది, బూటు లేసు కట్టుకుంటూ.

"స్కూల్ అయినంక ఆడకుంటే మర్చిపోతనా అంకుల్?"

సైకిల్ తొక్కడం లాంటిది, మర్చిపోవు అన్నాను.

"నాకు సైకిల్ రాదు" అంది.

హైదరాబాదులో ఒక మహిళా కాలేజీ జట్టుకు ఆ ఏడాది కొత్త పిల్లలు కావాలని తెలిసింది. అక్కడి కోచ్ మేడంతో నాకు ఫోన్ పరిచయం ఉంది. ఆవిడకు పాటలున్న వీడియోలంటే పడదు, పూర్తి మ్యాచ్ కావాలంటారు. నేను ఒక మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా కోత లేకుండా పంపాను. మా స్కూలు ఘోరంగా ఓడిన మ్యాచ్ అది.

విషయం తెలిసి తండ్రి బాధపడ్డాడు. "గెలిచింది ఒక్కటన్న లేదా సార్? ఓడింది పంపుడేంది? పెండ్లిచూపులకు పిల్లకు జరమొచ్చిననాటి ఫోటో పంపుతరా?"

గెలిచే మ్యాచ్‌లో అందరూ ఉత్సాహంగానే పరుగెత్తుతారని, ఓడిపోతున్నప్పుడు ఎవరు పరుగెత్తుతారో చూడ్డమే కోచ్ పనని వివరించాను. ఆయన తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, సార్‌తో వాదన ఎందుకులే అన్నట్టు.

వీడియోతోపాటు నాలుగు మాటలు రాశాను. కాళ్ళు చురుకు, కళ్ళు చురుకు, బంతి లేనప్పుడు కూడా ఆడుతుంది అని. చివర ఇంకో మాట: ఎడమ చెయ్యి మాత్రం ఇంకా పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఉంది, హాజరవుతుంది గానీ పనిలో చెయ్యి పెట్టదు. ఒక లోపం ఒప్పుకుంటే మిగతా పొగడ్తలు నమ్ముతారని నా సిద్ధాంతం. రాసినప్పుడు నాకా వాక్యం బాగా నచ్చింది కూడా. తర్వాత ఒక మూడు రోజులు నేను దాన్ని ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను.

చిక్కేమిటంటే ఆ కాలేజీ సెలక్షన్ ట్రయల్స్ సరిగ్గా బోర్డు పరీక్షల మధ్యలో, ఫిజిక్స్ వారంలో పడ్డాయి. హైదరాబాద్ వెళ్తే ఫిజిక్స్ పోతుంది, ఫిజిక్స్ రాస్తే ట్రయల్స్ పోతాయి. ఈ అమ్మాయికి విడిగా ఇంకో రోజు పెట్టగలరా అని మేడంను అడిగాను. జట్టు పెద్దలతో మాట్లాడి తండ్రికే ఫోన్ చేసి చెప్తానన్నారు.

మంగళవారం సాయంత్రం నేను మెట్రో ఎస్కలేటర్ మీదుండగా ఆయన ఫోన్ వచ్చింది. వెనక జనరేటర్ మోత. కాలేజీ మేడం ఇప్పుడే చేసిందన్నాడు. మోతలో సగం వినబడలేదట గానీ, కావాల్సిన ముక్క వినబడిందట.

"ట్రయల్స్ మాఫీ అన్నది సార్."

గల్ఫులో దిగినవాడు మొదట నేర్చుకునే మాట మాఫీ. లేదు అని. ఛుట్టీ అడిగితే మాఫీ. ఓవర్‌టైమ్ మాఫీ. క్యాంపులో నీళ్ళు మాఫీ, దుకాణంలో చిల్లర మాఫీ. ఈ మాటకు ఇక్కడ ఎదురు ప్రశ్న ఉండదు. మాఫీ అన్నాక ఎందుకని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆయనా అడగలేదు. సరే మేడం అని పెట్టేశాడు.

నేను కూడా సరే అన్నాను. ఎస్కలేటర్ దిగాక ఎటు వెళ్ళాలో కాసేపు తోచలేదు. వేరే రోజు కాదు కదా, అసలు ట్రయల్సే లేవన్నారంటే దానికి కారణం ఉండాలి. ఆ కారణం నా దూరపు చుట్టమే అయ్యుండాలి. మేడంకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. వద్దన్నవాళ్ళను ఎందుకు వద్దన్నారని అడగడం ఏం మర్యాద అనుకుని ఫోన్ జేబులో పెట్టేశాను. ఇక్కడ ఇన్నేళ్ళున్నాక మాఫీ మనిషిని అంత పెద్దమనిషిగా తయారుచేస్తుంది.

శుక్రవారం కోర్టుకు వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఒక్కతే బుట్ట కింద ఉంది. ఎడమ చేత్తో వేస్తోంది. బంతి బోర్డుకు తగిలి ఒకసారి, తగలకుండా ఒకసారి కింద పడుతోంది. తెచ్చుకుంటుంది, మళ్ళీ ఎడమ చేత్తోనే వేస్తుంది. నేను రాసింది ఆమెకు తెలుసు, దాచిపెట్టడం ఇష్టం లేక పంపేముందు నేనే చదివి వినిపించాను. అప్పుడు నవ్వింది. ఇప్పుడు నా వైపు చూళ్ళేదు.

తండ్రి అరుగు మీద ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి ఇంట్లో ఎలా ఉందని అడిగాను. భార్య రెండు రోజులుగా సరిగా మాట్లాడటం లేదన్నాడు. ఓడిన మ్యాచ్ ఎందుకు పంపనిచ్చావని ఆమె కోపమట. ఆ కోపం న్యాయంగా నాకు రావాల్సింది, మధ్యలో ఆయన అందుకుంటున్నాడు.

"ఇదొక తీరు అయితే, మా అమ్మ ఇంకొక తీరు సార్. నిన్న ఊరికి ఫోన్ చేసిన. ఆమెకు ఇదంత దుబాయే. దుబాయ్ల మనుమరాలికి బాలాట సీటు ఏమాయె అనడిగింది. ట్రయల్స్ మాఫీ అయినయే అమ్మా అన్న. ఒక్కటే సంబరపడవట్టె. మంచిగైంది బిడ్డా, మాఫీ చేసిండ్రా, కడుపు సల్లగుండ అంటది. ఏడ్సుడా, నవ్వుడా నాకు సమజ్ కాలే. పెద్దమనిషి, చెవులు ఇనబడవని ఊకున్న."

"ఆవిడకు చెవుడా?" అన్నాను.

"లేదు సార్. చీమ నడిస్తే ఇంటది."

బంతి బోర్డుకు తగిలి మా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. ఇద్దరమూ వంగలేదు. నాకు మా ఊరూ, ఆయన ఊరూ, ప్రతి ఎన్నికల ముందూ మైకుల్లో మోగే మాటా ఒక్కసారి గుర్తొచ్చాయి. రుణమాఫీ. ఆ ముసలమ్మ తెలుగు వింది. మేమిద్దరం అరబ్బీ విన్నాం. హైదరాబాద్‌లో కూర్చున్న కోచ్ ఏ భాషలో మాట్లాడుతుందో మాలో ఒక్కడికీ అనుమానం రాలేదు.

మర్యాద సంగతి తర్వాత చూసుకుందామని మేడంకు ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను. ట్రయల్స్ గురించి మీరు చెప్పింది సరిగా అర్థం కాలేదండీ అన్నాను.

"అర్థం కాకపోవుడేంది సార్? మాఫీ అన్న. రైతులకు అప్పులు మాఫీ చెయ్యరా, గట్ల. మీ దగ్గర మాఫీ అంటే ఇంకోటి ఉంటదా?"

"ఇక్కడ మాఫీ అంటే లేదని అర్థం మేడం."

"అందుకేనా ఆయన థాంక్స్ గూడ చెప్పకుంట పెట్టేసిండు? నేను పొగరనుకున్న."

తండ్రి ఫోన్ నా చేతిలోంచి తీసుకోలేదు గానీ, ఫోన్ దగ్గరికి మొత్తం మనిషి వంగాడు.

"మేడం, మీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి మాఫీ అనకుంట చెప్పుండ్రి."

"మీ బిడ్డను తీసుకున్నం అన్నా. ట్రయల్స్‌కు రానక్కర లేదు. ఓడిపోయే మ్యాచ్‌ల ఆఖరి నిమిషందాక వెనుకకు ఉరికింది గద, అది చూసినంక ఇంక ట్రయల్స్ ఎందుకు? పరీక్షలు మంచిగ రాయమనుండ్రి."

ఎడమ చెయ్యి గురించి నేనే అడిగాను. అడక్కపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

"గాయింత చుట్టాన్ని పనిల పెట్టుకునుడు నాకు తెలుసు గని, మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన అరుగు మీద వెనక్కి కూర్చున్నాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు. అంత ఎండేం లేదు. అమ్మాయి ఎప్పుడొచ్చిందో దొర్లిన బంతి తీసుకుని మా ముందే నిలబడి ఉంది, అంతా విన్నట్టుంది. బంతిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఫిజిక్స్ గూడ మాఫీనా నాన్నా?"

"ఫిజిక్స్ ఉన్నది. నడు, ఇంటికి పోయి చదువుకో" అన్నాడు తండ్రి. కానీ ఎవరూ నడవలేదు. ఆమె వెళ్ళి ఇంకో నాలుగు బంతులు వేసింది, ఈసారి కుడి చేత్తో, అన్నీ పడ్డాయి. వీడియో తీసుంటే వెనక పాట పెట్టుకోవచ్చు. ఆయన భార్యకు ఫోన్ చేశాడు. ఈసారి ఆ మాట ఎక్కడా వాడకుండా, ఒక్కో ముక్కా విడదీసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అవతలినుంచి ఏమన్నారో తెలియదు. మధ్యాహ్నం భోజనానికి నన్ను కూడా తీసుకురమ్మన్నారని అన్నాడు. ఓడిన మ్యాచ్ పంపినందుకు నా మీద కోపం పోయిందా అని అడిగాను. మటన్ వండుతుందట, దాన్ని బట్టి మీరే అంచనా వేసుకోండి అన్నాడు.

కాలేజీలో దింపడానికి ఆయన తర్వాత సెలవు అడిగాడు. సైటు ఆఫీసులో కేరళ గుమస్తా కాగితం చూసి, అలవాటు ప్రకారం మాఫీ అన్నాడట. ఇదివరకైతే సరే అని వచ్చేసేవాడు. ఈసారి కదల్లేదు.

"ఏ మాఫీ?" అని అడిగాడట. "మీదా, మాదా?"

గుమస్తాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేసరికి వెనక వరుస పెరిగింది, వరుస తగ్గించడానికి సెలవు ఇచ్చేశారు.

మొన్న ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. కాలేజీ జట్టుతో మొదటి మ్యాచ్ అయిందట. "మొత్తం బెంచీ మీదనే అంకుల్. తువ్వాలలు ఇచ్చిన" అని రాసింది. దిగులుగా ఉందేమోనని ఫోన్ చేశాను. వెనక ఆడపిల్లల గోల, బంతులు నేలకు కొడుతున్న చప్పుడు. నా మాట ఆమెకు సరిగా వినబడలేదు. మళ్ళీ చేస్తానంది, ప్రాక్టీస్‌కు పిలుస్తున్నారంది, పెట్టేసింది.