అయ్యవారి పిడికిలి

"నాయన ఇప్పుడే పోయినాడప్పా. ఆ పది గంటల టైము ఇంకెవరికన్నా ఇచ్చేయండి."

అయ్యవారి కొడుకు ఫోనులో చెప్పింది అంతే. ఆ సమయానికి నేను తిరుపతిలో మా ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ఒక లావుపాటి లాడ్జీ యజమాని మోకాలు వంచుతున్నాను. "ఏందబ్బా, ఆపేసినావు?" అన్నాడాయన. ఏమీ లేదని మళ్లీ వంచాను.

చిత్తూరు దగ్గర మా ఊరి బడిలో నాకు పాఠాలు చెప్పింది ఈ అయ్యవారే. చెప్పారు గానీ నాకు అంటలేదు. పదో తరగతి గడప తొక్కకుండానే బయటపడ్డాను. బడిలో నేను బెంచీ మీద కంటే గోడకుర్చీలో ఉన్నదే ఎక్కువ. గోడకు వీపు ఆనించి, కింద ఏమీ లేకుండానే కుర్చీలో ఉన్నట్టు కూర్చోవాలి. మీలో కొందరైనా అనుభవించే ఉంటారు. నేను ఆయన సుద్దముక్కలు దాచేయడం, ఆయన నన్ను గోడకు అంటించడం. అట్లా సాగింది మా చదువు.

అలాంటి మనిషిని పోయిన ఏడాది కొడుకు చక్రాల కుర్చీలో తెచ్చి నా ముందు పెట్టాడు. పక్షవాతం. కుడికాలు ఈడుస్తోంది. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి తెరుచుకోదు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా! దేవుడా, ఈ కోతి చేతికా నన్ను అప్పజెప్పినావు?" అన్నారు. మాట ముద్దగా వచ్చింది గానీ తిట్టు స్పష్టంగానే తెలిసింది.

ఎవరికి ఏ వ్యాయామమో డాక్టరమ్మ చెబుతుంది. పట్టుకుని చేయించేది నేను. కాళ్లకు బలం రావాలని ఆమె ఆయన్ను గోడకు ఆనుకుని, మోకాళ్లు కొంచెం వంచి నిలబడమంది.

"అయ్యవారూ, గోడకుర్చీ," అన్నాను.

"ఒరే, పగ తీర్చుకుంటా ఉండావురా! నేనేం తప్పు చేసినాను?"

"ఎక్కం అప్పజెప్పలేదు గదా."

గదంతా నవ్వింది. ఆయన తొడలు వణుకుతుండగానే పదమూడో ఎక్కం తప్పు లేకుండా చెప్పారు. కర్ర పట్టుకుని నడిచిన రోజు, "నిన్ను పాసు చేసినా, పోరా" అన్నారు. నన్ను పాసు చేసిన మనిషి ఆయనొక్కరే.

కానీ ఆయనకు కావలసింది నడక కాదు. "నా పంచె నేను కట్టుకోవల్లరా. అది చాలు" అనేవారు. రోజూ ఆఫీసుకు పోయే తొందరలో కొడుకు కట్టేవాడు. "బాగానే కడతాడు. కట్టేటప్పుడు వాడు నా మొగం చూడడు, నేను వాడి మొగం చూడను" అన్నారు ఒకసారి.

నేను ఊరుకుంటానా? బజారులో అతికించుకునే పంచె కొని తెచ్చాను. పట్టీ నొక్కితే చాలు, ఒంటిచేత్తో పని అయిపోతుంది. ఆయన పట్టీ లాగి చూశారు. బర్రుమంది.

"ఏందిరా ఇది? పంచెనా, సంచి మూతనా?"

"జేబు కూడా ఉండాది, అయ్యవారూ."

"నువ్వే కట్టుకోని పెండ్లికి పో." కాసేపటికి గొంతు తగ్గించి, "కుచ్చిళ్లు పెట్టాల్సింది చేత్తోరా, పట్టీతో కాదు" అన్నారు. ఆ తరువాత పంచె మీద నేను వేళాకోళం ఆడలేదు.

పిడికిలి మీద పడ్డాను. వేడినీళ్ల సంచితో కాపడం పెట్టి, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పేవాడిని. వదిలితే అత్తిపత్తి ఆకులా ముడుచుకునేది. డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాను. "ఇంకా బిగుసుకోకుండా చూద్దాం. అంతకంటే ఆశ పెట్టకు" అంది. ఆ మాట ఆయనకు ఏ నోటితో చెప్పను?

"ఈ రోజు కొంచెం వదులైంది, అయ్యవారూ" అనేవాడిని.

"అబద్ధం చెప్పేటప్పుడు నీ చెవులు కదుల్తాయిరా. బడి నుంచీ చూస్తానే ఉండా." అని, మళ్లీ చెయ్యి నా ముందుకే చాపేవారు. "సరే, ఇంకోసారి లాగు."

ఇంకోసారి లాగేవాడిని. నా చేతిలో ఉన్నది అంతే.

ఫోను వచ్చిన ఆ రోజు మోకాలి పని ముగించి, తిరుపతిలోనే ఉన్న అయ్యవారి కొడుకు ఇంటికి పరుగెత్తాను. అప్పటికే స్నానం చేయించి చాప మీద పడుకోబెట్టారు. కొడుకు కొత్త పంచె పట్టుకుని నిలబడిపోయాడు. "నువ్వు కట్టప్పా. నా చేతులు ఆడటంలే" అన్నాడు. మనుషుల్ని ఎత్తడం, తిప్పడం నాకు అలవాటే. నడుము కింద నుంచి చుట్టాను. కుచ్చిళ్లు దోపుదామని, అడ్డంగా ఉన్న కుడిచెయ్యి పక్కకు జరిపాను. అలవాటు కొద్దీ బొటనవేలి కింద నా వేలు దూర్చాను.

బలం పెట్టనే లేదు. పిడికిలి తెరుచుకుంది. వేళ్లన్నీ చెప్పినట్టు విని చాచుకున్నాయి. వదిలి చూశాను. ముడుచుకోలేదు. అరచెయ్యి వెల్లకిలా అలాగే ఉండిపోయింది. ఎండ తగలని తెలుపు. దాని మధ్యలో గోళ్లు దిగిన గుర్తులు.