ట్యూబ్‌లైటుకు దండం

అమ్మ పోయాక మా బీదర్ ఇంట్లో సాయంత్రం లైటు వేసేవాళ్లు లేరు. స్విచ్ తలుపు పక్కనే ఉంది. బాపు కుర్చీలో, నేను మంచం మీద లాప్‌టాప్ ముందు, చీకటి పడుతున్నా అలాగే కూర్చునేవాళ్లం. ఎవరైనా గేటు తీసిన చప్పుడైతే లేచి వేసేదాన్ని. నేను చదివేదేమో నాటకాలకు లైటింగ్. నవ్వొచ్చే సంగతే, కానీ నవ్వు రాలేదు.

నేను చదివే హైదరాబాద్‌లో అప్పుడు ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సే. నాటకాల చదువని చెప్పుకోవడానికి మొహమాటపడి, "మా బిడ్డ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటాంది" అని బాపు ఆఫీసులో చెప్పేవాడు. అబద్ధమేం కాదు. మా కోర్సులోనూ ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. తెర మీద ఉత్తుత్తి వేదిక, దానికి మౌస్‌తో తగిలించే లైట్లు. ఏది ఎంత వెలగాలో, ఎంత నిదానంగా ఆరాలో ముందే ఎక్కించి పెట్టుకుంటే, ప్రదర్శనలో బటన్ నొక్కినప్పుడల్లా వెలుగు దానంతటదే మారుతుంది. ఆ ఒక్కో మార్పునీ క్యూ అంటాం.

చివరి పరీక్షగా ఒక నాటకానికి లైటింగ్ చేయాలి. అమ్మ దినాలకు వచ్చి తిరిగి వెళ్లబుద్ధి కాక, సారును అడిగి ప్రదర్శన మా ఊళ్లోనే పెట్టించుకున్నాను. అందులో ఇల్లాలు చనిపోయే సన్నివేశం ఉంది. లాప్‌టాప్‌లో ఆమె ముఖం మీది వెలుగు తగ్గిస్తూ పోయాను. నలభై శాతం ఎక్కువనిపిస్తే ముప్పై చేశాను. అంతకు మించి ఏమీ అనిపించలేదు. అమ్మను తీసుకెళ్లిన రోజూ నాకు ఏడుపు రాలేదు. ఇక ఎప్పటికీ రాదేమోనని భయమేసింది.

అమ్మకు ఒక అలవాటు. సాయంత్రం ట్యూబ్‌లైటు వేసి, అది మిణుకుమిణుకుమని వెలగగానే దండం పెట్టేది. కరెంటు పోయి వచ్చినా అంతే.

"కరెంటాఫీసోళ్లకు మొక్కుతున్నవా?" అని బాపు ఆటపట్టించేవాడు.

"మొక్కితెనే ఇస్తుండ్రు" అనేది అమ్మ.

ప్రదర్శన రోజు మార్కులు వేసే సారు నా వెనకే కూర్చున్నారు. బాపు ముందు వరుసలో ఉన్నాడు. ఇల్లాలు చనిపోయింది, హాలంతా చీకటి. కరెంటు పోయిందా అని ఎవరో కన్నడలో అడిగారు. నేను బటన్ నొక్కాను. వేదిక మీద మెల్లగా తెల్లవారసాగింది. ముందు వరుసల్లోని పెద్దవాళ్లు అలవాటుకొద్దీ చేతులు జోడించారు. మా వాళ్లంతే, వెలుగొస్తే మొక్కుతారు, అది నాటకమా నిజమా అని చూడరు. వాళ్లలో బాపు చేతులు కూడా కనిపించాయి.

నా చేతులు బటన్ మీద నుంచి లేచి జోడయ్యాయి. తర్వాతి క్యూ పడలేదు. పాపం నటి, వెలుగు లేని మూలన నిలబడి మాటలు చెప్పుకుంటూ పోయింది. సారు భుజం తట్టారు.

"ఏమైందమ్మా?"

"హ్యాంగయింది సార్" అన్నాను. ఆయన కంప్యూటర్ వైపు చూడలేదు, నా చేతుల వైపే చూశారు.

మర్నాడు చీకటి పడుతుంటే లాప్‌టాప్ మూసేశాను. బాపు కుర్చీలోంచే అన్నాడు.

"లైటెయ్ బిడ్డా."

వేసి వచ్చి బాపు పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా చేతులు జోడించాం. పాత ట్యూబ్‌లైటు, ఆ రోజు చాలాసేపు మిణుకుమిణుకుమంది. అది వెలిగేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం.