తక్కువ కిరణాల ఫిల్ము

కరీంనగర్‌లో ఓ చిన్న ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసిన రోజుల్లో నాకో పిచ్చి ఉండేది. కిరణాలు సగానికి తగ్గించి, ఆ లోటును చీకటిగదిలో పూడ్చేవాణ్ణి. ఫిల్మును రసాయనంలో మామూలు కంటే ఎక్కువసేపు ఉంచితే లేత బొమ్మ మెల్లగా ముదిరేది. కాకపోతే ఫిల్ము నిండా ఉప్మారవ్వ చల్లినట్టు సన్నని చుక్కలు వచ్చేవి. నాకు పని నేర్పిన పెద్దాయన, కదిలే పిల్లలను ఏళ్ల తరబడి తన చేతులతోనే పట్టుకుని ఎక్స్‌రేలు తీసి, చివరికి ఆ కిరణాలకే పుండుపడిన రెండు వేళ్లు తీయించుకున్నాడు. ఆయన అన్నం కలుపుకోవడానికి పడే అవస్థ చూశాక నాకు ఈ పిచ్చి పట్టింది. పట్టడమే కాదు, ఏదో ఘనకార్యం చేస్తున్నానని మురిసిపోయేవాణ్ణి కూడా.

డాక్టరు మొదట్లో విసుక్కున్నా తర్వాత అలవాటుపడ్డాడు. ఫిల్మును వెలుతురుకు పెట్టి, "ఈ రవ్వ నీదేనా?" అని అడిగేవాడు. "నాదే సార్," అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మంథని నుంచి అక్క తన ఐదేళ్ల బిడ్డను తీసుకొచ్చింది. పదిహేను రోజులుగా జ్వరం, దగ్గు. పాప చిక్కి సగమైంది. ఎక్స్‌రే అనగానే అక్క గుమ్మంలోనే ఆగింది.

"తమ్మీ, గా కరెంటు పోరి పానానికి మంచిది గాదంటరు. జర తక్కువ కొట్టు."

"ఫికర్ చెయ్యకక్కా. నా కోడలికి నేను ఎక్కువ కొడ్తనా?"

ఎవరికీ తగ్గించనంత తగ్గించాను. ఆ ఎండకు రసాయనం కాగి ఉంది. చల్లదనానికి పక్కన పెట్టిన ఐసుగడ్డ ఎప్పుడో నీళ్లయింది. ఆ వేడికి చుక్కలు ఇంకా లావెక్కి ఫిల్ము నిండా రవ్వే. డాక్టరు ఎప్పటిలాగే అడిగాడు, నేను ఎప్పటిలాగే నాదేనన్నాను. టైఫాయిడ్ కావచ్చని ఆయన మందులు రాసిచ్చాడు. అక్క నా తల నిమిరి బస్సెక్కింది.

మూడు వారాలకు పాపను భుజాన వేసుకుని మళ్లీ వచ్చింది. పాప మెడ నిలపలేకపోతోంది. ఈసారి కిరణాలు పూర్తిగా పెట్టి, కొత్త రసాయనంలో కడిగాను. ఫిల్ము శుభ్రంగా వచ్చింది. ఊపిరితిత్తుల్లో మాత్రం ఆ రవ్వ అలాగే ఉంది. అది క్షయ, సన్నని గింజల్లా ఊపిరితిత్తులంతా పరుచుకునే రకం. డాక్టరు పాత ఫిల్మును కొత్తదాని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పాతదాంట్లో నా చుక్కల మధ్య కలిసిపోయిన ఆ గింజల మీద వేలు పెట్టాడు.

సూదులు మొదలుపెట్టారు కానీ అప్పటికే జబ్బు మెదడుకు పాకింది. ఆరో రోజు పొద్దున పాప పోయింది.

దినాలయ్యాక అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, దగ్గర్లో ఎవరూ లేరని చూసి అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ. గా కరెంటుతోనే పోయిందా నా బిడ్డ?"

"కాదక్కా. మొదటిసారి మస్తు తక్కువ కొట్టిన."

"నాకెరుక. నువ్వు నా మాట ఇన్నవు," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ మాట వినకపోయి ఉంటే పాప బతికేదేమోనని నేను ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.