పై అంతస్తు నుంచి దిగే పొడి

సామర్లకోట దగ్గర మందుల ఫ్యాక్టరీలో నేను బిళ్లలు నొక్కే మిషను నడిపేవాణ్ణి. పొడి పై అంతస్తులో తయారై, గొట్టం గుండా మా గదిలోని తొట్టిలోకి దిగేది. తొట్టికి చిన్న అద్దం ఉండేది. అందులోంచి చూస్తే తెల్లటి పొడి చప్పుడు లేకుండా జారుతూ ఉండేది. అలా చూస్తూ నిలబడితే అదే కిందికి పోతోందో, నేనే మెల్లగా పైకి తేలుతున్నానో తెలిసేది కాదు.

పైన పొడి తయారీ చూసే ఆవిడ నాకు గొంతుగానే తెలుసు. ఎదురుపడినా టోపీలు, మాస్కుల మధ్య కళ్లు తప్ప ఏమీ కనపడవు. బ్యాచ్ మొదలవగానే గోడ ఫోను మోగేది.

“పొడి ఎలా దిగుతోందండి?”

“బాగానే దిగుతోందండి.”

రోజూ మా మాటలు అంతే. అయినా ఆ ఫోను కోసం ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది.

ఒక ముసురు రోజు మధ్యాహ్నం బిళ్లల బరువు తగ్గుతూ వచ్చింది. అద్దంలోంచి చూస్తే పొడి కదలడం లేదు. తొట్టి మూతి దగ్గర రెండు వైపులా గోడల్ని పట్టుకుని వంతెనలా కట్టుకుపోయింది. దాని కింద అంతా ఖాళీ. మిషను ఆపి, రబ్బరు సుత్తి చేత్తో పట్టుకునే పైకి ఫోను చేశాను.

“ఆగిపోయిందండి. నాలుగు దెబ్బలేస్తే దిగుద్దేమో.”

“కొట్టకండి,” అందావిడ. “ఇంకా బిగుసుకుపోద్ది. దిగినా సన్నది ఒకచోట, గరుకుది ఒకచోట చేరిపోద్ది. గదిలో తేమ ఎంతుందో చూడండి.”

చూశాను. బాగా పెరిగిపోయి ఉంది. గాల్లో తేమ లాగే మిషను ఎప్పుడు ఆగిందో మరి. ఆ మాటే చెప్పాను. ఫోనులో వాన చప్పుడు వినిపించింది. పైకప్పు ఆవిడకే దగ్గర కదా.

“మొత్తం వెనక్కి పంపేయండి. మళ్లీ ఆరబెడతాను.”

“మేనేజరు గారు అడుగుతారండి.”

“నేను ఆపమన్నానని చెప్పండి.”

ఆయన వచ్చి కోప్పడ్డారు. ఫోను ఆయనకే ఇచ్చాను. ఆవిడ ఏం చెప్పిందో గాని, ఆయన విని, తల ఊపి వెళ్లిపోయారు. సాయంత్రానికి పొడి మళ్లీ దిగింది, ఎండిన ఇసుకంత తేలిగ్గా.

డ్యూటీ దిగి స్టేషనుకొచ్చేసరికి రాజమండ్రి ప్యాసింజరు లేటు. వాన వెలిసి ప్లాట్‌ఫారం అంతా పల్చటి పసుపు వెలుగు. నా వెనక ఎవరో టీ అడుగుతున్నారు.

“పంచదార తక్కువ వేయండి.”

తిరగకముందే తెలిసిపోయింది.

“పొడి బాగా దిగిందండి,” అన్నాను.

ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే చూసింది. గుండ్రటి ముఖం, చెంప మీద మాస్కు గీత.

“మీరా? ఎవరో పెద్దాయన అనుకున్నానండి ఇన్నాళ్లూ.”

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నీళ్లు నిలిచిన చేలల్లో ఆకాశం మాతోపాటే కదులుతోంది. మేనేజరుతో ఏం చెప్పారని అడిగితే, “బిళ్లలో మందు తక్కువైతే వేసుకునేవాళ్లకి జొరం తగ్గదు కదండీ. అదే చెప్పాను,” అంది. కడియంలో దిగి, కిటికీ దగ్గరకొచ్చి, రేపు ఏ షిఫ్టని అడిగింది.

రోజూ ఆ రైల్లో మాట్లాడుకుంటూ పెళ్లి దాకా వచ్చాం. ఆవిడవాళ్లు క్రిస్టియన్లు, చర్చిలో పెళ్లంటే మావాళ్లు ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. ఆవిడ నాన్నగారు స్కూలు మాస్టారు. ఆయనే మా ఇంటికొచ్చి మా అమ్మతో మాట్లాడారు. ఆ మరుసటి వేసవిలో పెళ్లి చేసుకున్నాం.